కడుపునొప్పి అని రాయించాం

పోయిన నెల తెనాలి నుంచి రేపల్లె వచ్చే పాసింజరులో నా ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకాయన చేతిలో పేపరు ఉంది. ఎవరో కడుపునొప్పి భరించలేక ప్రాణం తీసుకున్నారని అందులో రెండు ముక్కలు వేశారు. ఆయన పైకి చదివాడు. రెండో ఆయన విని, అంత బాధ పడేకంటే అదే నయమని, ఆలోచించి చూస్తే తెలివైన పనేనని అన్నాడు. మొదటాయన తలూపి, పేజీ తిప్పి, సినిమాల సంగతి చదవడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వేమూరు దాటేదాకా పళ్లు బిగబట్టుకున్నాను. ఆ తర్వాత అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, అచ్చువేసే మాటలు కావు. భట్టిప్రోలులో ఆ ఇద్దరూ దిగి వేరే పెట్టెలోకి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చినా కోపం తగ్గలేదు. తగ్గని కోపాన్ని కాగితం మీద పెట్టమని నాకు అక్షరాలు నేర్పిన మేష్టారు చెప్పేవారు. అందుకని రాస్తున్నాను. నాకు అరవై దాటాయి. అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. అంతకుముందు నాకు వచ్చిన రాతల్లా బొటనవేలు. ఆ బొటనవేలు పందొమ్మిది వందల అరవై రెండులో చేసిన పని ముందు చెప్పాలి. నా జబ్బు సంగతి ఆ తర్వాత.

అరవై రెండు

మాది రేపల్లెకి దక్షిణాన ఉప్పుటేరు పక్కన ఒక పాలెం. చేపల వేట, పడవ పని. నా పినతండ్రి కొడుకు ఒకడు వేటకి వెళ్లి గాలివానలో తిరిగి రాలేదు. వాడి భార్య నాగరత్నం. నాకు మరదలు. ఆరేళ్ల పిల్ల ధనాన్ని తల్లి దగ్గర వదిలి, నాగరత్నం వేటపాలెం వెళ్లి జీడిగింజలు కొట్టే పనిలో కుదిరింది. ఎనిమిది నెలలు చేసి, పిల్ల మీద బెంగతో తిరిగొచ్చింది.

వచ్చినప్పుడు ఆ మనిషి చేతులు చూసి పాలెమంతా జడుసుకుంది. వేళ్ల కొసలు నల్లగా మాడి ఉన్నాయి. అరచేతుల్లో తోలు పొరలుగా లేచి, మధ్యమధ్య తెల్లటి మచ్చలు. మేం ఉప్పునీళ్ల మనుషులం, వల తాడు కోసిన చెయ్యి మాకు తెలుసు, ముల్లు గుచ్చుకుని చీము పట్టిన చెయ్యి తెలుసు. ఇలాంటి చెయ్యి చూడలేదు. మొగుడు లేని మనిషి, ఎనిమిది నెలలు పరాయి ఊళ్లో ఉంది, చేతులు ఇలా చేసుకుని వచ్చింది. ఇది చెడ్డ జబ్బేనని, చెడు తిరుగుడు వల్ల వచ్చిందని ఒకరు అన్నారు. సాయంత్రానికి అందరూ అన్నారు.

కులపెద్దలం అయిదుగురం వలలు ఆరేసే మెరక మీద కూర్చున్నాం. అందులో నేనొకణ్ణి. నాగరత్నం చేతులు రెండూ చాపి మా ముందు నిలబడింది.

"ఇది జీడి కాలిందండి బావగారూ. అక్కడ అందరి చేతులూ ఇలాగే ఉంటాయండి."

నేను ఆ చేతులు చూసి, "అందరి చేతులూ ఇలా ఉంటే ఆ ఊరు ఊరంతా ఆసుపత్రే అవ్వాలి" అన్నాను. జనం నవ్వారు. నేను మాట్లాడితే జనం అంత నవ్వడం నాకు అదే మొదలు. బాగుందనిపించింది. అదీ రాయాలి.

చేతులు బాగుపడేదాకా ఆ మనిషికి నీళ్లు, నిప్పు ఎవరూ ఇవ్వకూడదని, బావిలో చేద వెయ్యనివ్వకూడదని, పిల్లని దగ్గరికి పంపకూడదని తీర్పు చెప్పాం. పిల్ల అమ్మమ్మ ఇంటి గుమ్మంలో నిలబడితే, తల్లి ఇటు గుమ్మంలో నిలబడేది. పన్నెండో రోజున నాగరత్నం లేదు. ఎలా అన్నది రాయను. అది తెలిస్తే ఎవరికీ మేలు లేదు.

పోలీసులు వచ్చారు. పంచనామా రాయాలంటే ఊరి పెద్దమనుషులు అయిదుగురు సాక్ష్యం ఉండాలన్నారు. పెద్దమనుషులం మేమే కదా. రాసే ఆయన కలం తీసి, కారణం ఏమిటని అడిగాడు. అయిదుగురం నేల చూశాం. మాలో రామదాసు అనేవాడు కాస్త మాటకారి. "కడుపునొప్పని రాసుకోండి సార్. పిల్ల బతకాలి కదండీ" అన్నాడు. రాసే ఆయన ఆశ్చర్యపోలేదు. తల ఎత్తను కూడా లేదు. ఆ మాట ఆయన కలానికి ఎప్పటినుంచో అలవాటు. 'తీరని కడుపునొప్పి భరించలేక' అని చదివి వినిపించాడు. అయిదు బొటనవేళ్లు వరసగా పడ్డాయి. నాది మూడోది.

అప్పుడు మేం ఆ పిల్లకి ఉపకారం చేశామనే అనుకున్నాం. నిజం రాస్తే తల్లి మీద మచ్చ, పిల్ల మీద మచ్చ. కడుపునొప్పి ఎవరికైనా వస్తుంది, అందులో తప్పు లేదు, తలవంపులు లేవు. మా మీద మచ్చ కూడా దాంతోనే పోయిందని మాలో ఎవరం పైకి అనలేదు.

అరవై ఆరు

ఎండాకాలంలో నాకు మొదలైంది. పొట్ట పైభాగాన, రొమ్ము ఎముక కింద, నిప్పుకణిక పెట్టినట్టు మంట. మొదట్లో గంజి తాగితే తగ్గేది. తర్వాత గంజి తాగినా తగ్గలేదు. తిన్నది అరగంటలో బయటికొచ్చేది. పడవ తాడు లాగబోతే నడుము వంగిపోయి అక్కడే కూర్చునేవాణ్ణి. ఆరు నెలల్లో పంచె కట్టు నిలవనంత చిక్కిపోయాను.

పాలెంలో చేసే వైద్యమంతా చేశారు. సోడా పొడి మింగించారు. కొడవలి కాల్చి పొట్ట మీద మూడు వాతలు పెట్టారు. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. లోపలి నొప్పికి పైన ఇంకో నొప్పి కలిసిందంతే. చివరికి సోదెమ్మ వచ్చి, ఒక ఆడకూతురి ఉసురు తగిలిందని చెప్పింది. పాలెం గుసగుసలు పోయింది. నిజం ఏమిటంటే నేనూ నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఉసురే తగిలితే మిగతా నలుగురూ దున్నపోతుల్లా ఎందుకున్నారు?

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. "పాపం, నాగరత్నానికీ ఇదే కదా. అందుకే తట్టుకోలేకపోయింది." నాలుగేళ్లలో మా అబద్ధం పాలెంలో కాపురం పెట్టి ముసలిదైపోయింది. ఆ చేతులు చూసి నవ్వినవాళ్లు కూడా ఆ మనిషికి కడుపునొప్పేనని నమ్ముతున్నారు. రామదాసు కూడా వచ్చి నా మంచం పక్కన కూర్చుని అదే మాట అన్నాడు.

"ఒరే, నీ నోటితో నువ్వు చెప్పిందే కదరా అది" అన్నాను.

వాడు నా వంక జాలిగా చూసి, జబ్బు మనిషివి ఎక్కువ మాట్లాడకు అన్నాడు. వాడు నటించలేదు. నిజంగానే మర్చిపోయాడు. నాకు ఆ రోజు వచ్చినంత భయం గాలివానలో కూడా రాలేదు.

అరవై ఎనిమిది

ఇప్పుడు చెప్పేది నా పెళ్లాం కోటమ్మకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఏడు నేను నా మీద ఒక కేసు కట్టాను. మంచంలో పడుకుని రోజుకొక సాక్ష్యం పోగుచేసేవాణ్ణి. పడవ లాగలేను. తిన్నది ఒంటపట్టదు. పెళ్లానికి నిద్ర లేదు. కొడుకులు పని మానుకుని నన్ను మోస్తున్నారు. ఈ నొప్పి తగ్గేది కాదు, తగ్గినవాణ్ణి చూసింది లేదు. నాగరత్నమే తట్టుకోలేకపోయింది కదా. చివరికి నేను కూడా ఆ సాక్ష్యం వాడుకున్నాను. నా బొటనవేలు వేసిన అబద్ధాన్ని నేనే సాక్ష్యంగా పిలిచాను. కేసు చాలా గట్టిగా ఉంది. ఏ వకీలూ కొట్టెయ్యలేడు. ఎంత తెలివైన ఆలోచనో అనిపించింది. మనసు కూడా నిమ్మళించింది. ఆ నిమ్మళమే అన్నిటికన్నా చెడ్డదని తర్వాత తెలిసింది.

కోటమ్మ కనిపెట్టింది. పెద్దవాడికి వలలు ఎక్కడున్నాయో, ఏ తాడు దేనికో రెండుసార్లు చెప్పానట. కోడళ్లతో మెత్తగా మాట్లాడానట. ఒక మధ్యాహ్నం నా ముందు చతికిలబడి కూర్చుంది.

"ఏవయ్యా, నువ్వు కోడళ్లతో మెత్తగా మాట్లాడుతున్నావంటే ఏదో పెట్టుకున్నావు. ఏంటది?"

ఏం లేదన్నాను.

"నీకు నొప్పి పోవాలనుందా, నువ్వు పోవాలనుందా? అది చెప్పు."

నెలల తరబడి కేసు కడుతున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. నొప్పి పోతే నేను పోవాల్సిన పనే లేదు. పొద్దున్నే పడవ దగ్గరికి పోయేవాణ్ణి. అదే చెప్పి ఏడ్చాను. కోటమ్మ ఏడవలేదు. నా నోటికొచ్చిన బూతులు నాకే తిరిగి అప్పజెప్పి, పొద్దున బండికి తెనాలి తీసుకెళ్లింది. ఆ తర్వాత ఏడాది పాటు నన్ను ఒక్క పూట ఒంటరిగా వదల్లేదు. బహిర్భూమికి వెళ్తే చెరువు గట్టు దాకా వచ్చి అటు తిరిగి నిలబడేది. సిగ్గుగా ఉండేది. బతికున్నవాడికే కదా సిగ్గు.

తెనాలిలో డాక్టరుగారి వసారాలో రెండు పొడుగాటి బల్లలు ఉండేవి. వచ్చినవాళ్లు ఒకరినొకరు మీకేంటండి అంటే మీకేంటండి అని అడుక్కుంటూ కూర్చునేవాళ్లు. ఒకరికి ఆయాసం, ఒకరికి చెవిపోటు, ఆ మాటా ఈ మాటా. నన్ను అడిగితే కడుపునొప్పండి అన్నాను. బల్ల మీద మాటలు ఆగిపోయాయి. ఎవరో ముందు మీరు వెళ్లండి అన్నారు. ఒకావిడ తన సీసాలో మజ్జిగ గ్లాసులో పోసి ఇచ్చింది. కాంపౌండరు వచ్చి కోటమ్మని పక్కకి పిలిచి, ఈయన్ని కనిపెట్టుకుని ఉండమ్మా అని చెప్పాడు. నాకు చిర్రెత్తింది. నొప్పి పేరు చెబితే శవాన్ని చూసినట్టు చూస్తారేమిటని. ఇప్పుడు తలుచుకుంటే ఆ కాంపౌండరుకి దణ్ణం పెట్టాలి. నాకు అక్కడ కనబడింది ఇది. ఈ జిల్లాలో కడుపునొప్పి అనే మాటకి రెండు అర్థాలున్నాయి. రెండో అర్థం అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

డాక్టరుగారు ఏడాదిన్నర మందులు వాడించారు. కొన్నాళ్లు తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం. చివరికి లోపల పుండు ముదిరింది, కోసి కుట్టాల్సిందే అన్నారు. బాపట్ల పంపించారు.

డెబ్భై

బాపట్లలో నన్ను చూసి, ఇంత నీరసంగా ఉంటే కత్తి పెట్టలేమని, ఒంట్లో కాస్త రక్తం పట్టాలని నలభై రోజులు మంచం మీద ఉంచారు. నా పక్క మంచం మీద రేపల్లె వైపు మేష్టారు ఒకాయన. చర్చికి వెళ్లే కుటుంబం, బడిపంతులు పని చేసి దిగిపోయారు. వెన్నెముకలో ఏదో పెరుగుతోంది. అది నయమయ్యేది కాదు. నేను పడవవాణ్ణని తెలిసి మొదటి రోజునుంచే నన్ను సరంగూ అని పిలిచేవారు. పొద్దు పోక నాకు అక్షరాలు మొదలుపెట్టారు. పలక నర్సమ్మ తెచ్చిచ్చింది. వార్డంతా నన్ను చూసి నవ్వేది. ఒకడు పెద్ద బాలశిక్ష అయ్యేలోపు పెద్ద ఆపరేషను అయిపోతుందన్నాడు. 'క్ష' దగ్గర వారం రోజులు ఆగిపోయాను.

నలభై రోజులు అవకముందే పేపర్లో పెద్దక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. ఒక రోజు లోపలి పేజీలో నాలుగు లైన్ల ముక్క చదివాను. క-డు-పు-నొ-ప్పి. నేను ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి వార్త అది. ఏదో ఊళ్లో ఒకావిడ, తీరని కడుపునొప్పి భరించలేక. మా పంచనామాలో మాటలే, అదే వరసలో.

"మేష్టారండీ, ఈవిడకి నిజంగా కడుపునొప్పేనంటారా?"

"నెలకి నాలుగుసార్లు అదే పడుతుంది సరంగూ. నేను ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను" అన్నారు.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. నడవమన్నారని నెమ్మదిగా ఆడవాళ్ల వసారా దాకా వెళ్లాను. వేటపాలెం నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు మందు కోసం కూర్చుని ఉన్నారు. ఒకామె చంటిపిల్లాడి నోట్లో బ్రెడ్డుముక్క పెడుతోంది. ఆమె చేతులు చూశాను. వేళ్ల కొసలు నల్లగా, అరచేతుల్లో తోలు లేచి, తెల్లటి మచ్చలు. రెండో ఆమె చేతులూ అంతే. మీ చేతులకేమైందమ్మా అని అడిగాను. ఆమె మామూలుగా చెప్పింది. జీడి కాలింది తాతా, కొట్టేటప్పుడు పాలు చిమ్ముతుంది, పని మానేస్తే రెండు నెలల్లో కొత్త తోలు వస్తుంది అని.

రెండు నెలలు. మేం నాగరత్నానికి పన్నెండు రోజులు ఇచ్చాం.

మంచం మీదికి ఎలా వచ్చానో తెలియదు. మేష్టారికి అంతా చెప్పాను. మర్నాడు ఆయనే ఆ మాట ఎత్తారు. దేవుడి సంగతి, పాపం సంగతి పక్కన పెట్టి మాట్లాడుకుందాం అన్నారు.

"ఆ అమ్మాయి సంగతి అన్యాయం, ఒప్పుకుంటాను. నా సంగతి వేరు సరంగూ. నాకు ఎవరి మీదా కోపం లేదు. నా నడుము బాగుపడదని డాక్టరుగారే చెప్పారు. అన్నీ తూచి చూసుకుని ఒక మనిషి ఇక చాలు అనుకుంటే, అది తెలివితక్కువ అని ఎందుకనాలి?"

"తూచేటప్పుడు తక్కెడ ఎవరి చేతిలో ఉంటుందండీ?"

"నా చేతిలోనే."

"కాదండి, నొప్పి చేతిలో ఉంటుంది. రేవులో ముప్పై ఏళ్లు చేపలు తూయించానండి. తక్కెడ పట్టుకున్నవాడి చిటికెనవేలు ఎక్కడుందో చూడకుండా ముల్లు చూస్తే లాభం లేదండి."

ఆయన నవ్వారు. నవ్వితే నడుము పోటు వచ్చి నన్నే తిట్టారు. తిట్టి, "మాట బాగుంది. కానీ నీ నొప్పికి కత్తి ఉంది. కత్తి లేనివాడి సంగతి చెప్పు" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ పూర్తిగా లేదు. లేనిదాన్ని ఉందని రాయను.

నన్ను కోసి కుట్టారు. పదకొండో రోజున మెత్తటి అన్నంలో మజ్జిగ కలుపుకుని తిన్నాను. తిని, నొప్పి కోసం కాచుకుని కూర్చున్నాను. నాలుగేళ్ల అలవాటు. అరగంట అయింది, గంట అయింది. రాలేదు. సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఏ వకీలూ కొట్టెయ్యలేడనుకున్న నా కేసుని ఒక డాక్టరుగారు నిద్రమత్తు ఇచ్చి, అరపూటలో కొట్టేశారు. నేను ఆ కేసు గెలిచి ఉంటే? పాలెంలో ఏం రాయించేవాళ్లో నాకు అక్షరంతో సహా తెలుసు. అది చదివి ఇంకొకడెవడో అదే తెలివైన పననుకునేవాడు.

మేష్టారు ఇంటికి వెళ్లాక పది నెలలు బతికారు. గురువారం గురువారం రేపల్లె వెళ్లి ఆయనకి పేపరు చదివి వినిపించేవాణ్ణి. చదువుతుంటే మంచం మీంచే నా ఒత్తులు దిద్దేవారు. అక్కడ ఒక డాక్టరుగారు మంచివాడు, నొప్పి తెలియకుండా ఇంజెక్షను ఇచ్చేవాడు. సూది పనిచేసిన రోజున కాఫీ నీళ్లలా ఉందని కొడుకుని కేకలేసేవారు. పని చెయ్యని రోజున తూనిక మాట ఎత్తేవారు. ఆయన మనసు మారిందని నేను చెప్పను. సూదికి, ఆ మాటకి ఉన్న లంకె మాత్రం నా కళ్లతో చూశాను. ఆయన వెళ్లవలసిన రోజున, జబ్బుతోనే, కొడుకు పాదాలు పట్టుకుని ఉండగా వెళ్లారు. దీన్నిబట్టి ఎవరికి ఏం కావాలో వాళ్లు అనుకోండి. నయంకాని మనిషికి ముందు నొప్పి తీసే సూది వెయ్యండి, మంచం పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆ తర్వాత తెలివి సంగతి మాట్లాడుకుందాం. అవి రెండూ చెయ్యకుండా నీ చావు తెలివైనదే అనడం మర్యాద కాదు, బరువు దించుకోవడం.

నాగరత్నానికి నయంకాని జబ్బేమీ లేదు. చచ్చిపోవడానికి ఆ మనిషికి కారణం ఉంది కదా అంటారా? ఉంది. ఆ కారణం మా అయిదుగురం. మెరక మీంచి ఆ ఇంటికి నలభై అడుగులు. మాలో ఒక్కడు ఆ నలభై అడుగులూ నడిచి, ఒక కడవ నీళ్లు గుమ్మంలో పెట్టి ఉంటే ఆ కారణం లేదు. ఒకడు నలభై అడుగులు నడిస్తే మాయమయ్యేదానికి తెలివి అని, నిర్ణయం అని పేర్లు పెడతారా? రైల్లో నాకు ఒళ్లు మండింది అందుకు.

డెబ్భై రెండు

ధనానికి పదహారేళ్లు వచ్చాయి. అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఒక రోజు కోటమ్మ ఏరు నుంచి వస్తూ మొహం పాలిపోయి వచ్చింది. ధనం రెండు నెలల నుంచి కడుపునొప్పి అంటోందట. డాక్టరు దగ్గరికి పోదామంటే, "ఎందుకు పెద్దమ్మా, మా అమ్మకి వచ్చిందే నాకూ వచ్చింది. మాకు వంశంలోనే ఉంది" అందట. ఏడవకుండా అందట. తన గాజులు పక్కింటి పిల్లకి ఇచ్చేసిందట.

ఆ నిమ్మళం నాకు తెలుసు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. ఆ ఇంటికి వెళ్లడం పదేళ్లలో అదే మొదటిసారి. పిల్ల అరుగు మీద మోకాళ్లు పొట్టకి నొక్కుకుని కూర్చుని ఉంది. అమ్మమ్మ నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

"ధనం, మీ అమ్మకి కడుపునొప్పి లేదు."

"ఉంది పెదనాన్నా. అందరూ చెబుతారు. కాగితంలో కూడా రాశారంట."

"ఆ కాగితం మీద వేలిముద్ర నాదే. అబద్ధం. మీ అమ్మకి ఒక్క రోజు కూడా కడుపులో నొప్పి రాలేదు."

చేతుల సంగతి చెప్పాను. మెరక మీద నేనన్న మాట, జనం నవ్విన సంగతి చెప్పాను. నీళ్లు, నిప్పు, పిల్లని పంపకపోవడం, పన్నెండు రోజులు, అన్నీ. బాపట్లలో చూసిన చేతుల సంగతీ చెప్పాను. పిల్ల నా మొహం వంకే చూస్తోంది. అంతా విని అడిగింది.

"అయితే అమ్మ అటు గుమ్మంలో ఎందుకు నిలబడేది?"

"నిన్ను చూడ్డానికి."

"నేను రమ్మని చెయ్యి ఊపేదాన్ని. రాలేదు. నా మీద కోపమనుకున్నాను."

"మేం రానివ్వలేదు."

పిల్ల లేచి నిలబడింది. "పో పెదనాన్నా. మా ఇంట్లోంచి పో" అంది. వచ్చేశాను. నేను చేసింది మంచో చెడో నాకు తెలియలేదు. కోటమ్మ వెంటనే వెళ్లి ఆ పిల్ల దగ్గరే మకాం పెట్టింది. నన్ను వదలనట్టే దాన్నీ వదల్లేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అలాంటి కేసు మనసులో తయారవుతుంటే, ఒక్క మనిషికి చెప్పండి. కేసు ఎంత గట్టిగా ఉందనిపిస్తే అంత తొందరగా చెప్పండి. మీ పక్కన ఎవరైనా కడుపునొప్పి అంటే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తీసుకెళ్తూ దారిలో ఇంకేం నొప్పి ఉందో అడగండి. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడకండి. కోటమ్మ అడిగింది, నేను బతికాను. ఎవరైనా కాగితం పెట్టి అబద్ధానికి వేలిముద్ర వెయ్యమంటే వెయ్యకండి. చచ్చినవాళ్ల పరువు కోసం అంటారు. బతికున్న పిల్లలు దాన్ని తాగి పెరుగుతారు.

వారం రోజులు ధనం నా వైపు చూడలేదు. ఎనిమిదో రోజున మా గుమ్మంలోకి వచ్చి, గడప అవతలే నిలబడి, తెనాలి తీసుకెళ్లమంది. క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదు, నేనూ అడగలేదు. బండిలో కోటమ్మ పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ, మా అమ్మ దేనికి నవ్వేది అని మాత్రం అడిగింది. పదేళ్లలో ఆ పిల్లకి తల్లి గురించి నొప్పి తప్ప ఇంకో ముక్క ఎవరూ చెప్పలేదు. నాగరత్నం నా నడక వెక్కిరించేదని చెప్పాను. బాతు బావగారు అనేదని చెప్పాను. పిల్ల నవ్వలేదు. ఇంకా చెప్పమంది.

ఆ నొప్పి నెలన్నర మందుతో తగ్గింది. ఇప్పుడు ధనం కాపురం బాపట్లలో, ఇద్దరు పిల్లలు. ఇదంతా రాస్తానంటే పేర్లతో సహా రాయమంది ఆ పిల్లే.

ఆ రోజు తెనాలిలో డాక్టరుగారి గది తలుపు తెరిచే ఉంది, బయట బల్లల మీద జనం నిండుగా ఉన్నారు. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, కాగితం మీద రాసుకుంటూ, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ నొప్పి ఉందా అని అడిగారు.

"లేదండి. మా అమ్మకి ఏ జబ్బూ లేదండి" అంది ధనం.

అమ్మగారు ఉన్నారా అన్నారాయన. లేరండి అంది. ఎలా పోయారని అడిగారు. పిల్ల నా వైపు తిరిగింది.

"ఈయన చెబుతారండి."

కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. బయట బల్ల మీద చివరివాడికి కూడా వినబడేలా చెప్పాను.